మ్యాప్‌లో మా గల్లీ

సోమలింగం సేటు మామిడిరసం నాకిన వేలితో నా ల్యాప్‌టాప్ తెర మీది మ్యాప్‌లో మేముండే లింబాయత్‌ను ముట్టుకున్నప్పుడే నాకు ల్యాప్‌టాప్ లాగేసుకోవాలనిపించింది. మాస్కును గడ్డం కిందికి లాగి, దానితోనే మూతి తుడుచుకుని, మళ్ళీ అదే వేలు తెచ్చి తెర మీద పెట్టాడు. మనోళ్ళు గింతేనా బిడ్డా అన్నాడు. అడిగినట్టు లేదు, మురిసిపోయినట్టు ఉంది.

రెండు వేల ఇరవై, ఏప్రిల్ ఆఖరు. సూరత్ మొత్తం తలుపులేసుకుని కూర్చుంది. సేటు మా తెలుగు నేత సమాజానికి అధ్యక్షుడు. సూరత్ శివారు సచిన్‌లో ఆయనకు సాంచాల షెడ్డు ఉంది. సాంచాలంటే కరెంటు మగ్గాలు. వాటి మీద పనిచేసేదంతా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు పల్లెల నుంచి వచ్చిన మగవాళ్ళు. షెడ్లు ఆగిపోయేసరికి వాళ్ళకు పని లేదు, ఊరికి పోదామంటే బండి లేదు. దాతలెవరో బస్సులు పెడతామన్నారు, సర్కారు ఆఫీసు పాసులు ఇస్తామంది. కాకపోతే ఏ ప్రాంతంలో ఎంతమంది ఉన్నారో చూపించమన్నారు. దాన్నిబట్టి బస్సులు పంచుతారట.

నేను అప్పుడు బీసీఏ రెండో ఏడు. కంప్యూటర్ చదువుతున్న పిల్లంటే మా వాళ్ళ లెక్కలో ఫ్యాను తిరక్కపోయినా బాగు చేయాల్సిందే. సేటు మా అమ్మకు ఫోన్ చేసి, హారతితోని ఒకటి చేయించమ్మా భూదేవీ, సమాజం పని, పుణ్యం వస్తది అన్నాడు. పుణ్యం సంగతి ఏమో గానీ, ఇంట్లో ఊరికే కూర్చుని నాకూ పిచ్చెక్కుతోంది. సరేనన్నాను.

పని పెద్దదేం కాదు. ఫోన్‌లో నింపే ఒక ఫారం. నింపిందంతా డేటాబేస్‌లోకి పోతుంది. పేజీ తెరిస్తే సూరత్ మ్యాప్ వస్తుంది, ఒక్కో ప్రాంతం మీద ఎర్రటి గుండ్రం వస్తుంది. మనుషులు ఎక్కువుంటే గుండ్రం పెద్దది, తక్కువుంటే చిన్నది. అంతే. అమ్మ ఫోన్ నుంచి నెట్ తీసుకుని, వంటింటి గడప మీద కూర్చుని చేశాను. ఇటు పప్పు పోపు ఘాటు, అటు నా కోడు. తల ప్రాణం తోకకొచ్చింది. మొదటిసారి వరాఛా మీద చిన్న గుండ్రం లేచినప్పుడు మాత్రం ఒక్కదాన్నే పకపకా నవ్వుకున్నాను.

సేటు ఇంట్లో చూపించింది ఆ మ్యాపునే. నన్ను వరండాలోనే కూర్చోబెట్టాడు, కరోనా కదా. నా చేతుల్లో సీసాడు శానిటైజర్ పోయించాడు. తన రసం వేలికి మాత్రం శానిటైజర్ అక్కర్లేదు. ఇంటికొచ్చి తెర తుడిచాను. ఎంత తుడిచినా లింబాయత్ జిడ్డుగానే కనిపించింది.

అమ్మ చేయి తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. ఏదీ మన గల్లీ చూపించు అంది. చూపించాను. గల్లీ మీద చుక్కంత గుండ్రం. అమ్మ కళ్ళు చిన్నవి చేసుకుని చూసి, "నా పిల్లలు ఏరి?" అంది.

అమ్మ పిల్లలంటే మా మెస్సులో తినేవాళ్ళు. బాపు పోయినప్పటి నుంచి అమ్మ మెస్సు నడుపుతోంది. గల్లీ నిండా ఉన్న రూముల్లోని సాంచాలవాళ్ళు రెండు పూటలా మా ఇంట్లోనే తింటారు. తల నెరిసినవాడైనా సరే, పళ్ళెం ముందు కూర్చుంటే అమ్మకు పిల్లాడే.

నేను గుండ్రం మీద నొక్కాను. ఒకే ఒక్క పేరు వచ్చింది. మొండయ్య. ఫోన్ నంబరు మా అమ్మది.

నాకు వెంటనే అర్థమైంది. ఈ డేటాబేస్‌లో నేను ఒక ఫోన్ నంబరుకు ఒక మనిషి అని పెట్టాను. అదే నంబరుతో ఇంకో పేరు వస్తే పాత పేరు చెరిగిపోయి కొత్తది కూర్చుంటుంది. ఎవరూ రెండుసార్లు నింపకుండా సమాజం వాళ్ళు అడిగిన కట్టుబాటు అది. మామూలు ఊళ్ళో అయితే అది సరే. కానీ సాంచాలవాళ్ళకు ఫోన్ ఉంటే బ్యాలెన్సు ఉండదు, బ్యాలెన్సు వేయిస్తే సిమ్ము మారుతుంది. ఆధార్‌కైనా, ఇంటి నుంచి వచ్చే ఫోన్‌కైనా, అందరూ ఇచ్చేది మెస్సు నంబరే. అమ్మ ఒక చేత్తో అన్నం వడ్డిస్తూ, రెండో చేత్తో ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, నర్సింగం, నీ పెండ్లాం, లేచి రా అని పిలుస్తుంది. మా ఒక్క మెస్సే కాదు, సూరత్‌లో ప్రతి గల్లీలో ఇదే తీరు. అంటే మెస్సుకు ఒక్క మనిషి చొప్పున మిగిలారు. సొంత ఇళ్ళుండి, ఇంటికి నాలుగు ఫోన్లుండి, ఊళ్ళో ఏసీ లేదని ఇన్నాళ్ళూ సెలవులకైనా పోనివాళ్ళు మాత్రం నిండుగా, ఎర్రగా, బలిసిన గుండ్రాలై మ్యాప్ నిండా కూర్చున్నారు.

లాక్‌డౌన్ వచ్చాక అమ్మ ఇంట్లో వడ్డించడం లేదు. మర్నాడు పొద్దున అన్నం డబ్బాలిచ్చేందుకు అమ్మ రూములకు పోతుంటే నేనూ పోయాను, ఒక్కొక్కరి దగ్గర ఊళ్ళో ఇంటి ఫోన్ నంబరు రాసుకుందామని. ఇంటి నంబరైతే ఎవరిది వారిదే.

ఆ రూములు ఎప్పుడూ మనుషులకని కట్టినవి కావు, షిఫ్టులకని కట్టినవి. పగలు డ్యూటీకి పోయినవాడి చాప మీద రాత్రి డ్యూటీవాడు పడుకుంటాడు. ఏళ్ళ తరబడి ఒకే చాప మీద పడుకుంటూ ఒకరి మొహం ఒకరు సరిగా చూడనివాళ్ళున్నారు. షెడ్లు ఆగేసరికి రెండు షిఫ్టులూ ఒకేసారి రూములో పడ్డాయి. కూర్చోవడానికే చోటు లేదు, పడుకోవడం ఎక్కడ? ఇప్పుడూ వంతులేసుకునే పడుకుంటున్నారు. సగంమంది గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. చెమట, బీడీ పొగ, మురిగిన నీళ్ళు. నేను చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. నాకు రోత పుట్టింది వాళ్ళను చూసి కాదు, ఆ రూములకు కిరాయి తీసుకునేవాళ్ళను తలుచుకుని.

మొండయ్య మామ రూములో లేడు. మెట్ల మలుపులో గోనెపట్టా పరుచుకుని కూర్చుని దగ్గుతున్నాడు. దగ్గు విని రూమువాళ్ళు భయపడి బయట పెట్టారట. అది కరోనా దగ్గు కాదని అందరికీ తెలుసు. సాంచాల దుమ్ము పట్టిన ఊపిరితిత్తుల దగ్గు అది. సంక్రాంతికి ముందే డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇంకొక్క ఏడు ఈ దుమ్ములో ఉంటే బతకవు, పని మానుకో అని చెప్పాడు. తెలిసినా సరే, దగ్గితే ఈడ్చి మెట్ల మీద పారేశారు. ఆ మెట్ల మీదుగానే అందరూ ఎక్కుతారు, దిగుతారు. ఆయన కాళ్ళు ముడుచుకుని దారి ఇస్తున్నాడు.

అమ్మ ఆయన ముందు డబ్బా పెట్టి, నిన్ను ముందు బస్సులో పంపిస్త అన్నా అంది. ఆయన, "ఇంటికి వోతె చాలు చెల్లె. ఇగ సాంచాల మొకం సూడ. ఊళ్లె ఏదన్న కూలి జేసుకుంట," అన్నాడు. ఇంటి నంబరు చెప్పమంటే ఆయన భార్య రాజమ్మ నంబరు చెప్పాడు. నోటికి వచ్చు. చెప్తుంటే మొహం కొంచెం తేటపడింది.

రెండ్రోజుల్లో గల్లీ గల్లీకి మెస్సువాళ్ళతో మాట్లాడి, ఇంటి నంబర్లన్నీ ఎక్కించి, డేటాబేస్ సరిచేశాను. పేజీ మళ్ళీ తెరిస్తే లింబాయత్ మీద గుండ్రం ఉబ్బి ఉబ్బి పక్క ప్రాంతాలను మింగేసింది. సచిన్ మీద ఇంకోటి. ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని సేటు ఇంటికి పరుగెత్తాను. మనవాళ్ళు ఇంతమంది ఉన్నారు కాకా, పొరపాటు దొరికింది అని చెప్పాను. నాకు శెభాష్ అంటాడని ఆశ, సిగ్గు లేకుండా.

సేటు చూశాడు. మొహం మాడ్చుకున్నాడు. కాసేపటికి వెన్న రాసినట్టు మాట్లాడటం మొదలుపెట్టాడు.

"గిదంత వద్దు బిడ్డా. పాతదే ఉంచు."

పాతది తప్పు కాకా అన్నాను.

"తప్పయితె తప్పు. అందరు ఊళ్లెకు వోతె రేపు షెడ్డు తెరిసినంక సాంచాలు ఎవలు నడుపుతరు, నువ్వా నేనా? రెండు బస్సులు చాలు, గవి సొంత ఇండ్లున్న మన సొసైటీవాళ్లకు వోతయ్. గా పోరగాళ్లు ఈడనే ఉండని. జర తిండికి ఇబ్బంది అయితది, అయితె ఏమాయె, నెలరోజులల్ల అంత సల్లవడుతది."

నేను మొండయ్య సంగతి చెప్పాను. మెట్ల మీద ఉన్నాడు, డాక్టరు ఇలా అన్నాడు అని. సేటు చేయి ఊపాడు, ఈగను తోలినట్టు. ఇరవై ఏండ్ల నుంచి దగ్గుతనే ఉన్నడు, ఏమైంది అన్నాడు. తర్వాత కుర్చీలో ముందుకు వంగి గొంతు తగ్గించాడు.

"మీ అమ్మ మెస్సు గూడ గా పోరగాళ్లతోనే నడుస్తది గద. వాళ్లు వోతె మీరేం తింటరు? జర ఆలోచించు."

థూ అని అక్కడే ఉమ్మేయాలనిపించింది. మాస్కు ఉంది కాబట్టి బతికిపోయాడు.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. చెప్పకుండా దాచుకోవాలనే చూశాను గానీ, నా మొహం చూసి గుచ్చి గుచ్చి అడిగింది. అమ్మ బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు. సేటు చెప్పిన దాంట్లో అబద్ధం ఏముంది, వాళ్ళు పోతే మన పొయ్యి ఆరుతది అంది. ఇంకో నాలుగు సార్లు చెరిగి, రాళ్ళు ఏరి పారేసి, "ముందుగాల మొండయ్యన్నను పంపియ్యి. పొయ్యి సంగతి నేను సూసుకుంట," అంది.

ఆ వారంలో సేటు ఇంట్లో మీటింగు. హాల్లో టీవీకి నా ల్యాప్‌టాప్ కలిపారు. పాసులిచ్చే ఆఫీసరూ, బస్సులిచ్చే దాతలూ వీడియోలో వచ్చారు. సేటు పట్టుచొక్కా వేసుకున్నాడు. మ్యాప్ ప్రారంభోత్సవమట. టీవీ ముందు కొబ్బరికాయ కొట్టాడు, ఆ నీళ్ళు నా కీబోర్డు మీద చిందాయి. టీవీకి బొట్టు పెట్టాడు. మెట్ల మీద మనిషి దగ్గి దగ్గి చస్తుంటే ఈయన టీవీకి బొట్టు పెడుతున్నాడు. ఫోటోలు తీయించుకున్నాక నా చెవి దగ్గరకొచ్చి పాతది తెరువు అన్నాడు.

నేను కొత్తది తెరిచాను.

ఆఫీసరు కళ్ళద్దాలు పెట్టుకుని, లింబాయత్‌లో నిజంగా ఇంతమంది ఉన్నారా అని హిందీలో అడిగాడు. ఉన్నారని చెప్పాను. పేర్లు కూడా ఉన్నాయన్నాను. దాతల్లో ఒకాయన, మరి ఇన్నాళ్ళూ రెండు బస్సులన్నారేమిటి అన్నాడు. నేను సేటు వైపు చూడలేదు. టేబుల్ అంచు పట్టుకున్నాను.

సేటు ఒక్క క్షణం కూడా తడబడలేదు. అదే నాకు ఇప్పటికీ కంపరం. "మా బిడ్డనే చేసింది సాబ్. నేనే దగ్గర కూసోవెట్టి చేయించిన. మా మజ్దూర్ భాయిలందరు ఇంటికి వోవాలె," అని హిందీ, తెలుగు కలిపి చేతులు జోడించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు శాలువా కప్పాడు. ఆ శాలువాను అమ్మ మర్నాటి నుంచి పొయ్యి గట్టు తుడవడానికి పెట్టుకుంది.

పాసులకని పేర్లు, ఊళ్ళు, నంబర్లు మొత్తం పంపమన్నాడు సేటు. పాసుల లిస్టు ఆఫీసుకు ఆయన ద్వారానే పోవాలి. పంపాను.

బస్సులు వరుసగా వచ్చాయి. సొసైటీవాళ్ళ బస్సు ముందు పోయింది, కుక్కర్లతో, కుక్కపిల్లతో సహా. తర్వాత మా గల్లీవాళ్ళవి. బస్సు తలుపు దగ్గర జ్వరం చూసే మిషను పట్టుకుని ఒకతను నిలబడ్డాడు. మొండయ్య మామకు జ్వరం లేదు, కానీ దగ్గితే ఎక్కనివ్వరు. అమ్మ ఆయన నోట్లో లవంగాలు కుక్కి, చప్పరించు, మింగకు, మాట్లాడకు అని చెప్పింది. వరుసలో ఆయన మొహం ఎర్రబడి, కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటే ఊపిరి బిగబట్టుకుని నడిచాడు. మిషను నుదుటి దగ్గర పెట్టారు. పో అన్నారు. సీట్లో కూలబడ్డాక, అద్దం మూసుకుని, అప్పుడు దగ్గాడు. బస్సు బార్డోలీ రోడ్డు వైపు తిరిగేదాకా అద్దం వెనక ఆయన భుజాలు ఎగిరెగిరి పడుతూ కనిపించాయి. అమ్మ ఏడ్చింది. నేను మాత్రం గర్వంగా నిలబడ్డాను. ఏదో గెలిచాననుకున్నాను, గాడిద గుడ్డు.

జూన్‌లో మా ఇల్లు ఖాళీ. అమ్మ చేయి పెద్ద గిన్నె మీదకే పోయేది, మళ్ళీ వెనక్కి తీసుకుని చిన్న గిన్నెలో మా ఇద్దరికీ వండేది. ఫోన్ మోగడం మానేసింది. చీరలకు రాళ్ళంటించే పని తెచ్చుకున్నాం. ఆ జిగురు వాసనకు అమ్మకు రోజూ తలనొప్పి. నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

షెడ్లు తెరుచుకున్నాయి. జూలై మొదట్లో ఒకరోజు నర్సింగం సంచీతో గుమ్మంలో నిలబడి, అక్కా, అన్నం ఉందా అన్నాడు. అమ్మ ముక్కు మీద వేలేసుకుంది. మరి రెండు రోజులకు ఇంకో నలుగురు. ఆ తర్వాత లారీల్లో, దొరికిన బండ్లలో, గుంపులు గుంపులుగా. ఎందుకొచ్చారంటే సేటు ఫోన్ చేశాడన్నారు. మనిషి మనిషికీ, ఇల్లు ఇల్లుకూ చేశాడట. నేను సరిచేసిన డేటాబేస్ ముందు పెట్టుకుని, పేరు పేరునా. ఇప్పుడు రానివాళ్ళకు షెడ్డులో ఇక ఎన్నటికీ జాగా లేదని చెప్పాడట. వాళ్ళతో కాదు, ఇంట్లో ఫోన్ ఎత్తిన ఆడవాళ్ళతో చెప్పాడట. మెస్సు నంబరే ఉండి ఉంటే ఆ ఫోన్ మా వంటింట్లో మోగి ఊరుకునేది.

నేను పేజీ తీసేశాను, నా దగ్గరున్నదంతా తుడిచేశాను. సేటు దగ్గరున్నది సేటు దగ్గరే ఉంది. పోయి అడిగితే, సమాజం సొత్తు బిడ్డా, నీదెట్లయితది అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. వచ్చే ఏడు కాలేజీ అయిపోయినంక మన షెడ్డులనే కంప్యూటర్ పని ఇస్త అని కూడా అన్నాడు.

అమ్మ పెద్ద గిన్నె దించింది. రాళ్ళ పని తిరిగి ఇచ్చేసింది. ఎన్నో రోజులకు కూనిరాగం తీస్తూ పోపు పెట్టింది. అమ్మ సంతోషంగా ఉండటం చూసి నాకు రోత పుట్టడం ఆ నెలలోనే మొదలు. ఆ రోత ఎవరి మీదో తేల్చుకోలేక వచ్చినవాడి మీదల్లా విసుక్కునేదాన్ని. నా వంతు అన్నం మాత్రం తినేదాన్ని. తినక ఏం చేస్తాను?

మొండయ్య మామ రాడు అనుకున్నాను. ఎవరొచ్చినా గుమ్మం దాకా పోయి చూసి, ఆయన కాదని తెలిసి ఊపిరి పీల్చుకునేదాన్ని. నెలాఖరులో, వాన కురుస్తున్న మధ్యాహ్నం, వీధి మలుపులోనే దగ్గు వినిపించింది. చూడకుండానే తెలిసిపోయింది.

సంచీ గోడకు ఆనించి, తల తుడుచుకుని, ఎప్పటి చోటులోనే కూర్చున్నాడు. బాగా చిక్కిపోయాడు. మాట మధ్యలో ఆగి గాలి తీసుకుంటున్నాడు.

"ఇగ సాంచాల మొకం సూడ అంటివి గద మామా," అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినపడింది.

"అంటి బిడ్డా. ఊళ్లె ఎవల చేతుల పని ఉన్నది? సేటు ఇంటికి ఫోన్ జేసిండు. రాజమ్మ ఎత్తింది. నువ్వు రాసుకున్నవ్ సూడు, గదే నంబరు. అది గూడ లేకుంటె నా జాగల ఇంకొకణ్ణి వెట్టుకుందురు." దగ్గు వచ్చింది. ఆగాడు. చేత్తో మూతి తుడుచుకుని నా వైపు ప్రేమగా చూశాడు. "మంచి పని జేసినవ్ బిడ్డా. సల్లగుండు."

అమ్మ వంటింట్లో నుంచి, అన్నకు అన్నం పెట్టవేందే అని కేకేసింది.

పళ్ళెం పెట్టాను. అన్నం పెట్టాను. పప్పు పోయబోతుంటే మళ్ళీ దగ్గు అందుకుంది, ఈసారి వదల్లేదు. ఆయన చేత్తో ఆగమన్నట్టు సైగ చేశాడు. గరిటె పట్టుకుని, దగ్గు ఆగేదాకా అలాగే నిలబడ్డాను.